బిడ్డకు ఎదుగుదల లోపం ఉందని తేలాక ఉద్యోగం సంగతి

బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ అనో, ఆటిజం అనో, డౌన్ సిండ్రోమ్ అనో డాక్టరు చెప్పిన వారంలోనే ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది: ఇద్దరిలో ఎవరు ఉద్యోగం మానాలి? చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ ప్రశ్నగా అడగరు. అమ్మ మానేస్తుందని పెద్దవాళ్లు తేల్చేస్తారు, నాన్న తలూపుతాడు, నెలాఖరుకి రాజీనామా మెయిల్ వెళ్లిపోతుంది.

ఆ నిర్ణయం ఆ నెలలో తీసుకోకండి. పుట్టుకతో వచ్చే లోపాలైనా, మెదడు ఎదుగుదలలో తేడాలైనా ఏళ్ల తరబడి ఖర్చు పెట్టిస్తాయి. జీతం, గ్రూప్ ఇన్సూరెన్స్, పీఎఫ్, పెన్షన్ హక్కు, సెలవులు అన్నీ ఆ ఖర్చును మోసేవే. మీ ఉద్యోగాన్ని బిడ్డ చికిత్సలో ఒక భాగంగా లెక్కేసుకుంటే తర్వాతి పనులన్నీ సరైన వరసలో పడతాయి. ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో, వాటిని ఎలా తప్పించుకోవాలో చూద్దాం.

మొదటి పొరపాటు: ‘కొంచెం ఆగి చూద్దాం’

‘వాళ్ల నాన్నకీ మాటలు లేటుగానే వచ్చాయి’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ప్రాజెక్టు రిలీజ్ ఉందనో, ఆడిట్ ఉందనో మనమూ ఆ మాటను నమ్మేస్తాం. నాలుగు నెలలకీ మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలకీ ఊతం లేకుండా కూర్చోకపోతే, ఏడాదిన్నరకీ నడవకపోతే, పదహారు నెలలకీ ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకీ రెండు మాటలు కలిపి అనకపోతే, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. వీటిలో ఒకటి కనబడినంత మాత్రాన జబ్బు ఉందని అర్థం కాదు. ఒక సగం రోజు సెలవు పెట్టి తేల్చుకోవాల్సిన విషయమని మాత్రం అర్థం.

ఆలస్యానికి ఖరీదు ఎంతో చెప్పడానికి పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజం చాలు. పుట్టిన కొద్ది రోజుల్లోనే రక్తపరీక్షలో పట్టుకుని మాత్ర మొదలుపెడితే బిడ్డ తెలివితేటలు మామూలుగా ఎదుగుతాయి. ఆలస్యమై నెలలు గడిస్తే మెదడుకు జరిగే నష్టాన్ని తర్వాత సరిచేయలేం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీల్లో పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ, థెరపీ చిన్న వయసులో మొదలుపెడితే ఫలితం ఎక్కువ.

ప్రైవేటు ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగనక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పరీక్షలు చేసి, అవసరమైన వాళ్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. అక్కడ అసెస్‌మెంట్‌తో పాటు తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తారు. బడి వయసు పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి.

జబ్బును బట్టి సెలవుల తీరు

ఆఫీసులో చాలామంది చేసే పొరపాటు, మొదటి సంవత్సరంలోనే ఉన్న సెలవులన్నీ వాడేయడం. రెండో ఏడాది సర్జరీ డేట్ వచ్చేసరికి బ్యాలెన్స్ సున్నా, ఇక లాస్ ఆఫ్ పే. జబ్బు ఏదో తెలిశాక డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎప్పటికి తగ్గుతుంది’ కాదు. ‘వచ్చే మూడేళ్లలో ఎప్పుడెప్పుడు, ఎన్ని రోజులు మేం ఇద్దరం ఖాళీగా ఉండాలి’ అని అడగండి. జవాబు జబ్బును బట్టి మారుతుంది.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. కాబట్టి మొదటి ఏడాదిలో ఎకో పరీక్షలు, కొందరికి గుండె ఆపరేషన్ ఉంటాయి. థైరాయిడ్, వినికిడి, కంటి పరీక్షలు ఏటా ఉంటాయి. పెద్ద సెలవు మొదట్లోనే అవసరం, తర్వాత వారానికి కొన్ని గంటల థెరపీతో బండి నడుస్తుంది.

సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. అయితే బిడ్డ పెరిగేకొద్దీ కండరాలు బిగుసుకుని, కీళ్లు వంకరపోయి కొత్త ఇబ్బందులు వస్తాయి. ఫిజియోథెరపీ ఏళ్ల తరబడి రోజూ ఉంటుంది. బడి వయసులో కాళ్లకు ఆపరేషన్, ఆ తర్వాత కట్లు, వారాల విశ్రాంతి ఉండొచ్చు. దానికోసం ఎర్న్డ్ లీవ్ దాచాలి. ఈ పిల్లల్లో చాలామందికి ఫిట్స్ కూడా ఉంటాయి గనక చెప్పకుండా వచ్చే అత్యవసరాలకు కొన్ని క్యాజువల్ లీవులు విడిగా ఉంచాలి.

ఆటిజంలో ఆసుపత్రిలో పడుకోబెట్టే పని తక్కువ, రోజువారీ స్లాట్ల పని ఎక్కువ. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రవర్తనకు సంబంధించిన థెరపీ వారానికి చాలాసార్లు పడతాయి. ఇక్కడ పెద్ద సెలవు పనికిరాదు, టైమింగ్స్‌లో వెసులుబాటు కావాలి.

వంకర పాదాలతో పుట్టిన బిడ్డకు పొన్సేటి పద్ధతిలో వారం వారం కట్టు మారుస్తారు. కొన్ని వారాలకు పాదం సరవుతుంది, ఆ తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ల వయసు దాకా రాత్రిపూట బ్రేస్ వేయాలి. అంటే రెండు నెలల పాటు వారానికో సెలవు చాలు. గ్రహణం మొర్రి అయితే పెదవికి నెలల వయసులో ఒక ఆపరేషన్, అంగిలికి ఏడాది అటూ ఇటూగా మరొకటి, ఆపైన స్పీచ్ థెరపీ ఉంటాయి. తేదీలు ముందే తెలుస్తాయి, ప్లాన్ చేసుకోవచ్చు. వెన్నులోపంతో పుట్టి, తలలో నీరు చేరి, దాన్ని మళ్లించే గొట్టం (షంట్) వేసిన బిడ్డ విషయంలో మాత్రం షంట్ ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే అప్పటికప్పుడు బయలుదేరాలి. అలాంటి ఇంట్లో ఇద్దరిలో ఒకరు ఊరు దాటే టూర్లు, నైట్ షిఫ్టులు లేకుండా చూసుకోవాలి.

ఇలా ఒక పేజీలో మూడేళ్ల పట్టిక వేసుకోండి. మేనేజరుతో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ పట్టిక.

రాజీనామా లెక్క

ఒక ఉదాహరణ వేద్దాం. భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగులు. భార్య చేతికి నెలకు 55,000 వస్తాయి, బేసిక్ 25,000. బిడ్డకు ఆటిజం, థెరపీకి నెలకు 20,000 అవుతోంది. ఆమె మానేస్తే ఆయాకు, క్యాబ్‌కు పెట్టే 22,000 మిగులుతాయని ఇంట్లో లెక్క చెప్తారు. ఆ లెక్క సగమే. పోయేవి కూడా రాయండి: జీతం 55,000, ఆమె వాటా పీఎఫ్ 3,000, కంపెనీ వాటా 3,000. అంటే నెలకు 61,000 పోయి 22,000 మిగులుతాయి, 39,000 లోటు. పైగా ఐదేళ్ల సర్వీసు నిండకపోతే గ్రాట్యుటీ ఉండదు. ఆమె కంపెనీ ఇన్సూరెన్స్ పోతుంది. మూడేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగానికి వెళ్తే పాత జీతం దొరుకుతుందన్న నమ్మకం లేదు. మిగిలిన ఒక్క జీతం లేఆఫ్‌లో పోతే థెరపీ ఆగిపోతుంది. ఒకే తాడు మీద బరువంతా వేస్తే జరిగేది అదే.

అన్ని ఇళ్లలోనూ ఈ లెక్క ఇలాగే తేలదు. జీతం 18,000 ఉండి, ప్రయాణం మూడు గంటలు పట్టి, థెరపీ సెంటరు మరో మూల ఉంటే మానేయడమే సబబు కావొచ్చు. అయితే మానే ముందు వరసగా నాలుగు అడగండి: టైమింగ్స్ మార్పు, ఇంటినుంచి పని, వేరే టీముకో దగ్గరి బ్రాంచికో మార్పు, జీతం లేని సెలవు. నాలుగూ కాదంటేనే రాజీనామా. అందులోనూ ఎవరి జీతం తక్కువ, ఎవరి ఉద్యోగం తిరిగి దొరకడం తేలిక అని చూడండి. ఆడవాళ్లు కాబట్టి అన్నది లెక్కలోకి రావాల్సిన కారణం కాదు.

ఉద్యోగం ఇద్దరూ చేస్తూ థెరపీ అంతా అమ్మే తిప్పితే ఆమె రేటింగ్ ఏటా తగ్గుతుంది, ఏడాదిన్నరలో ఆమే విసిగి మానేస్తుంది. నాన్న కూడా ఆఫీసులో తనకు ఇలాంటి బాధ్యత ఉందని నమోదు చేయించుకోవాలి. వారంలో కనీసం రెండు స్లాట్లు ఆయన పేరున ఉండాలి.

ఎవరికి, ఎంత చెప్పాలి

దాచిపెట్టడం ఒక పొరపాటు, అందరికీ చెప్పుకోవడం మరో పొరపాటు. దాచితే మీ ఆలస్యాలకు కారణం తెలియక ‘కమిట్‌మెంట్ లేదు’ అని రాస్తారు. క్యాంటీన్‌లో అందరికీ చెబితే మంచి ప్రాజెక్టు వచ్చినప్పుడు ‘పాపం, ఆవిడకు కుదరదులే’ అని మిమ్మల్ని అడగకుండానే పక్కన పెడతారు. మేనేజరుకు, హెచ్‌ఆర్‌కు చెప్పండి. జబ్బు కథంతా అక్కర్లేదు. వైద్యపరమైన అవసరం ఉన్న బిడ్డ ఉందని, దానివల్ల మీ పనివేళల్లో ఏం మారాలో, పనికి ఎలా నష్టం రాకుండా చూస్తారో చెబితే చాలు.

అడిగేది స్పష్టంగా ఉండాలి. ‘కొంచెం ఫ్లెక్సిబుల్‌గా ఉండనివ్వండి సార్’ అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా నిలవదు. మెయిల్ ఇలా ఉండాలి: ‘సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 9 నుంచి 11 దాకా థెరపీ ఉంది. ఆ రోజుల్లో 11:30కి లాగిన్ అయి 8:30 దాకా ఉంటాను. ఉదయం స్టాండప్‌కు ముందురోజు రాత్రే స్టేటస్ పంపుతాను. అత్యవసరమైతే నా బదులు చూసే వ్యక్తి ఫలానా. మూడు నెలలు ఇలా నడిపి ఆ తర్వాత సమీక్షిద్దాం.’ దినం, గంట, ప్రత్యామ్నాయం, గడువు ఈ నాలుగూ ఉంటే కాదనడానికి మేనేజరుకు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

నోటిమాటతో ఒప్పుకుంటే ఆ సాయంత్రమే ‘ఈ రోజు మనం మాట్లాడుకున్నట్టు’ అని మొదలుపెట్టి మెయిల్ పెట్టండి. మేనేజర్లు మారుతుంటారు. మంచి మేనేజరు ఇచ్చిన మాట కొత్త మేనేజరుకు వర్తించదు, హెచ్‌ఆర్ కాపీలో ఉన్న మెయిల్ వర్తిస్తుంది. అప్రైజల్‌కు నెల ముందు, మీరు పూర్తిచేసిన పనుల జాబితా మీరే పంపండి. కుర్చీలో కనిపించే గంటలు తగ్గినవాళ్లు పూర్తిచేసిన పనిని కాగితం మీద చూపాలి. ఇది న్యాయమా అని అడిగితే కాదనే చెప్తాను, కానీ లోకం అలా నడుస్తోంది.

సర్టిఫికెట్ లేకుండా ఏదీ కదలదు

‘మా బిడ్డకు వికలాంగుల ముద్ర ఎందుకు’ అని ఏళ్లకేళ్లు సర్టిఫికెట్ తీసుకోని వాళ్లున్నారు. ఆ పట్టుదల వల్ల బిడ్డకు ఒరిగింది లేదు, తల్లిదండ్రులు నష్టపోయింది చాలా. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు, కండరాల క్షీణత వీటిలో ఉన్నాయి. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం గీత. 80 శాతం, ఆపైన ఉంటే కొన్నిచోట్ల ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో జనం నోట ఇప్పటికీ ఇది సదరం సర్టిఫికెట్టే. దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు యూడీఐడీ. స్లాట్ బుక్ చేసి, ఆసుపత్రి క్యాంపుకు బిడ్డతో వెళ్లాలి. ఆ రోజుకు ఇద్దరూ సెలవు పెట్టండి, పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఫైలు చేసి తీసుకెళ్లండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ జనన ధృవీకరణ పత్రంలోనూ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. స్పెల్లింగ్ తేడాతో తిరిగొచ్చిన దరఖాస్తులు ఎన్నో. ఇచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలల ముందుగా పెట్టుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్నవి

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. మామూలుగా బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా. బిడ్డకు 40 శాతం వైకల్యం ఉంటే వయసు పరిమితి లేదు. మొదటి 365 రోజులు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులు 80 శాతం. సాధారణంగా ఏడాదిలో మూడు విడతలకు మించి ఇవ్వరు, ఒంటరి మహిళకు ఆరు విడతలు. మన రెండు రాష్ట్రాల్లో రోజులు ఇంతకన్నా చాలా తక్కువ, తాజా జీవో చూసుకోవాలి.

ఈ సెలవు దయతో ఇచ్చేది కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ కొడుక్కి పుట్టుకతో ఎముకలు పెళుసుగా ఉండే జన్యు జబ్బు. సెలవులన్నీ అయిపోయాయి, ఆ రాష్ట్రం చైల్డ్ కేర్ లీవ్ నిబంధనను స్వీకరించలేదన్న కారణంతో ఆమెకు నిరాకరించారు. ఉద్యోగంలో మహిళల భాగస్వామ్యం రాజ్యాంగపరమైన అవసరమని చెప్పి, దివ్యాంగ పిల్లల తల్లుల విషయంలో విధానాన్ని పునఃపరిశీలించమని కోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. మీ ఆఫీసులో ఎవరైనా ‘మనకు వర్తించదమ్మా’ అంటే రాతపూర్వకంగా తిరస్కరణ అడగండి. రాసివ్వమంటే చాలామంది ఫైలును మళ్లీ చదువుతారు.

బదిలీల విషయంలో, దివ్యాంగ సంతానాన్ని చూసుకునే కేంద్ర ఉద్యోగికి రొటేషన్ బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వాలని సిబ్బంది శాఖ 2014 జూన్ 6న ఆదేశాలిచ్చింది, 2018లో పరిధి వివరిస్తూ మళ్లీ చెప్పింది. పాలనాపరమైన అవసరం అన్న మాట మినహాయింపులకు ఎప్పుడూ అడ్డుగా ఉంటుంది. అందుకని బదిలీ ఆర్డర్ వచ్చాక పరుగెత్తకుండా, ఈ ఏడాదే సర్టిఫికెట్ కాపీతో దరఖాస్తు ఇచ్చి, దాన్ని సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించండి. పిల్లల చదువు భత్యం కూడా దివ్యాంగ సంతానానికి కేంద్రంలో మామూలు రేటుకు రెట్టింపు.

ప్రైవేటు ఉద్యోగులకు

ఉన్నదున్నట్టు చెప్పాలంటే చట్టం మీకు పెద్దగా అండ లేదు. దివ్యాంగుల చట్టం ఉద్యోగికి వైకల్యం ఉంటే రక్షణ ఇస్తుంది, ఉద్యోగి బిడ్డకు ఉంటే ఇవ్వదు. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలన్న నిబంధన 2017 ప్రసూతి చట్ట సవరణతో వచ్చింది గానీ, ప్రత్యేక అవసరాలున్న బిడ్డను చూసుకునే సిబ్బంది అక్కడ ఉంటారన్న హామీ లేదు. కాబట్టి మీ బలం మూడింటి మీద ఉంటుంది: కంపెనీ పాలసీ పత్రం, మీ పనికున్న విలువ, మీ మెయిల్స్ ఫైలు. కంపెనీ మారేటప్పుడు జీతం ఎంత పెరిగిందని మాత్రమే చూడకండి. హైబ్రిడ్ నియమాలు, సెలవులు, డే వన్ నుంచి ఇన్సూరెన్స్, థెరపీ సెంటరుకు దూరం చూడండి. రెండు లక్షల హైక్ ఇచ్చి వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మనే ఆఫర్ మీకు నష్టమే కావొచ్చు.

జీతం నెలకు 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది. వైకల్యం వల్ల పూర్తిగా మీ మీదే ఆధారపడ్డ సంతానం ఎంత వయసు వచ్చినా కుటుంబం కిందే లెక్క. కార్డులో ఆ వివరం ఎక్కించారో లేదో చూసుకోండి.

ఇన్సూరెన్స్, పన్ను

పాలసీ పత్రంలో రెండు రకాల పుట్టుక లోపాల గురించి ఏం రాశారో వెతకండి: బయటికి కనిపించనివి, కనిపించేవి. బయటికి కనిపించని లోపానికి, ఉదాహరణకు గుండెలో రంధ్రానికి, కవరేజీ ఉందో లేదో, ఏ షరతులతో ఉందో చూడండి. గ్రహణం మొర్రి లాంటి బయటికి కనిపించే లోపాలను చాలా పాలసీలు మినహాయిస్తాయి. థెరపీ ఔట్ పేషెంట్ ఖర్చు కనక మామూలు పాలసీలో రాదు. కంపెనీ గ్రూప్ పాలసీలో బిడ్డ పేరును పుట్టిన వెంటనే, పాలసీ చెప్పిన గడువులోపు చేర్చండి.

సొంత పాలసీ తీసుకునేటప్పుడు బిడ్డ పరిస్థితి దాచొద్దు. దాచిన పాలసీకి ప్రీమియం కట్టించుకుంటారు, క్లెయిమ్ రోజున తిరస్కరిస్తారు. దివ్యాంగుల కోసం ప్రతి ఆరోగ్య బీమా కంపెనీ ఒక పాలసీ అందుబాటులో ఉంచాలని ఐఆర్‌డీఏఐ 2023 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా కవరేజీ ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో కొంత వస్తుంది. ఉద్యోగం మారేటప్పుడు గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది. రిలీవింగ్ డేట్ దాటాక అడిగితే కుదరదు, నోటీస్ పీరియడ్‌లోనే అడగండి.

పన్నులో 80డీడీ అని మనకు తెలిసిన మినహాయింపు ఉంది. ఆధారపడ్డ కుటుంబ సభ్యుడికి 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. ఎంత ఖర్చు పెట్టారన్నదానితో పనిలేదు. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 23,400 లేదా 39,000 ఆదా. కానీ ఇది పాత పన్ను విధానంలోనే. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతం 12.75 లక్షల దాకా పన్ను లేదు గనక ఆ లోపు వాళ్లకు దీని అవసరమే రాదు. ఆపైన ఉన్నవాళ్లు ఇంటి అద్దె, గృహరుణం కూడా కలిపి రెండు విధానాల్లోనూ లెక్కేసి చూడాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, డిక్లరేషన్ ఇచ్చేటప్పుడు పేరు చూసి నింపండి.

డబ్బు పోయే దారి

పీఎఫ్ తీసి, పర్సనల్ లోన్ పెట్టి ‘గ్యారంటీగా నయం చేస్తాం’ అనే చోట పోసినవాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరైనా కనిపిస్తారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగింది కాదని, దాన్ని ప్రచారం చేసి ఇవ్వడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. పరీక్ష తేలిక: నయం అని హామీ ఇస్తూ, ముందే మొత్తం ప్యాకేజీ కట్టమంటే బయటికి వచ్చేయండి. థెరపీకి కూడా ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. మూడు నెలల లక్ష్యాలు రాసివ్వమనండి, వాటిని బట్టి కొనసాగించండి.

అరుదైన జన్యు జబ్బని తేలితే 2021 జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ ఆ జాబితాలో ఉన్నాయి. అప్పు చేసే ముందు అక్కడ అడగండి.

ఆన్‌సైట్, ప్రమోషన్

బిడ్డ ఉన్నందుకు ఆశయం వదులుకోవాలని నేను చెప్పను. జీతం పెరగాల్సిన అవసరం మిగతావాళ్లకన్నా మీకే ఎక్కువ. ప్రమోషన్ వచ్చినప్పుడు ‘నాకు కుదరదు’ అనే ముందు ఆ పోస్టులో రోజులు ఎలా గడుస్తాయో అడగండి. టూర్లు ఎక్కువుండే పోస్టుకన్నా బాధ్యత ఎక్కువున్నా టైమింగ్స్ మీ చేతిలో ఉండే పోస్టు మేలు.

ఆన్‌సైట్‌కు అమెరికా వెళ్తే, అక్కడ మూడేళ్ల లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్, ఆ తర్వాత పబ్లిక్ స్కూల్లో ఐఈపీ అనే వ్యక్తిగత ప్రణాళిక ఉంటాయి. తల్లిదండ్రుల వీసా ఏదైనా బిడ్డకు ఆ బడి హక్కు ఉంది. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలో ఏడాది సర్వీసు, 1,250 గంటల పని నిండితే ఏడాదికి 12 వారాల జీతంలేని సెలవును ముక్కలుగా థెరపీకీ వాడుకోవచ్చు. అయితే హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఉన్నది 60 రోజులే. వెనక్కి రావాల్సి వస్తే ఇక్కడ థెరపీ ఎక్కడ, ఎంత అన్న ప్రణాళిక ముందే ఉండాలి. ఆస్ట్రేలియా శాశ్వత నివాసానికి వెళ్లేవాళ్లు బిడ్డ ఆరోగ్య పరీక్ష గురించి ఇల్లు అమ్మకముందే నిపుణుణ్ని అడగాలి. అక్కడ కుటుంబంలో ఒకరు ఆరోగ్య నిబంధన దాటకపోతే మొత్తం దరఖాస్తుకే ఎసరు రావొచ్చు.

పద్దెనిమిదేళ్లు, మీ రిటైర్మెంట్

బిడ్డకు పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో మీరు సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి, సంతకం అన్నీ ఆగుతాయి. నేషనల్ ట్రస్ట్ పరిధిలోని నాలుగు వైకల్యాలకూ జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది. పుట్టినరోజు దాటగానే దరఖాస్తు పెట్టండి.

పాత పెన్షన్ పరిధిలో ఉన్న కేంద్ర ఉద్యోగి సంతానం వైకల్యం వల్ల సంపాదించుకోలేకపోతే జీవితాంతం కుటుంబ పెన్షన్‌కు అర్హులు. పీఎఫ్ పెన్షన్ పథకంలోనూ శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా పెన్షన్ ఉంది. ఇవి ఎక్కువగా ఆగిపోయేది ఒకచోట: ఉద్యోగి బతికుండగా కుటుంబ వివరాల ఫారంలో బిడ్డ పేరు, వైకల్యం రాయించకపోవడం వల్ల. పదేళ్ల కిందట పెళ్లికి ముందు నింపిన నామినేషన్‌లో ఇంకా మీ అమ్మ పేరే ఉండొచ్చు.

ఈ వారం మూడు పనులు చేయండి. పీఎఫ్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ తెరిచి బిడ్డ పేరు ఉందో లేదో చూడండి. సదరం స్లాట్ బుక్ చేయండి, లేదా ఉన్న సర్టిఫికెట్ గడువు చూసుకోండి. మూడేళ్ల పట్టిక వేసి మేనేజరుకు మెయిల్ పెట్టండి. రాజీనామా సంగతి ఆరు నెలల తర్వాత, లెక్క ముందేసుకుని ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.